ఒకే షెడ్డులో నాలుగు కొయ్యపనులు: ఏ పనిని ఎక్కడ ఆపాలి

ఇంటి వెనక 10×12 అడుగుల రేకుల షెడ్డు, ఒక పనిబల్ల, ఒక టేబుల్ సా (బల్లకి బిగించిన కరెంటు రంపం), ఏడెనిమిది బార్ క్లాంపులు (అతికించిన పలకల్ని నొక్కిపట్టే పొడవాటి బిగింపులు). ఇంతలోనే మూడు నాలుగు పనులు పక్కపక్కన నడపాలని చాలామందికి ఉంటుంది. తప్పేం లేదు. జిగురు ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం కదా. కాకపోతే ఏ రోజు ఏ పని అని పట్టిక రాసుకునే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఏ పనిని ఏ దశలో వదిలేసి ఇంకోదాని మీదికి పోవచ్చు, ఏ దశలో వదలకూడదు అన్నది. ప్లంబింగ్ పని సగంలో వదిలేసి నెల తర్వాత వచ్చినా పైపు పైపులాగే ఉంటుంది. చెక్క అలా ఉండదు. మనం పక్కకు పోయినా అది గాలిలో తేమ పీలుస్తూ, వదులుతూ, ఉబ్బుతూ, ముడుచుకుంటూ తన పని తాను చేసుకుపోతుంది.

మన నెల్లూరు వైపు ఈ ఊగులాట మరీ ఎక్కువ. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ సంగతి తెలిసిందే. పడమటి గాలి తోలితే షెడ్డులో చెక్క తేమ 8, 9 శాతానికి దిగుతుంది. అదే చెక్క అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టాక 15, 16 శాతానికి పోతుంది. బల్లపరుపుగా కోసిన టేకు పలకకి తేమ ఒక్క శాతం మారితే వెడల్పులో అడుగుకి అర ఎంఎం పైచిలుకు కదులుతుంది. ఏడు శాతం మారితే 20 అంగుళాల పలక ఐదారు ఎంఎం పెరిగిందన్నమాట. నిలువు చార వచ్చేలా కోసిన పలకైతే అందులో సగం. పొడవులో మాత్రం లెక్కలోకి రానంత తక్కువ. కొత్తపట్నం, కావలి తీరం వైపు షెడ్డు ఉన్నవాళ్ళకి తేమ ఎక్కువ, కనిగిరి, పొదిలి వైపు పొడిగాలి ఎక్కువ. ఒకచోట కోసి ఇంకోచోట బిగించే పనైతే ఈ తేడా కూడా లెక్క వేసుకోవాలి.

మాట తేలిగ్గా అర్థం కావడానికి నాలుగు పనులు తీసుకుందాం. ప్లైవుడ్‌తో పుస్తకాల అలమర, ఐదడుగుల టేకు ఊయల బల్ల, చిన్న దేవుడి మందిరం, కోడు (కాలు) వదులైన పాత పట్టెమంచం. ఇళ్ళలో మామూలుగా వచ్చే పనులే ఇవి. నాలుగింటికీ ఓపిక ఒకలాగా ఉండదు. ప్లైవుడ్ దాదాపు ఎక్కడ ఆపినా పడి ఉంటుంది. ఊయల బల్లకి అస్సలు ఓపిక లేదు. మందిరం తలుపుల దగ్గరే పేచీ. మంచం కోడుకైతే ఆపడమే పనిలో భాగం.

కోత రోజు

ప్లై కోతకి 10 అంగుళాల సా మీద 60 పళ్ళ బ్లేడు కావాలి, గట్టి చెక్కని నిలువునా చీల్చడానికి 24 పళ్ళది. 60 పళ్ళ బ్లేడుతో రెండంగుళాల టేకుని చీలిస్తే చెక్క మాడుతుంది, మోటారు మూలుగుతుంది. 24 పళ్ళదానితో ప్లైని అడ్డంగా కోస్తే కింది పొర పెచ్చులు లేస్తుంది. అందుకని బ్లేడు మార్చిన రోజున అన్ని పనులకూ సంబంధించిన ప్లై ముక్కలన్నీ ఒకేసారి కోసేయాలి. అందుకు పని పనికీ వేరే కొలతల చిట్టా కాకుండా, ఒకే షీటు మీద అన్ని పనుల ముక్కలూ గీసుకోవాలి.

18 ఎంఎం షీటు 8×4 అంటే 2440×1220 ఎంఎం. రెండు అంచులూ చెరో 5 ఎంఎం చెక్కేస్తే 1210 మిగులుతుంది, బ్లేడు మందం 3 ఎంఎం చొప్పున మూడు కోతలకి 9 పోతుంది. నాలుగు పట్టీలు 300 ఎంఎం వెడల్పున సరిగ్గా వస్తాయి. 6 అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు అలమరకి రెండు పట్టీల్లో 1830 పొడవున పక్క పలకలు, మిగతా రెండు పట్టీల్లో 726 పొడవున మూడేసి చొప్పున ఆరు అడ్డపలకలు. పైదీ కిందిదీ కలుపుకుని ఆరు పలకలకి ఐదు అరలు, ఒక్కో అర 344 ఎంఎం ఎత్తు. రెండున్నర అడుగులు దాటి వెడల్పు పెంచకండి. పుస్తకాల బరువుకి 18 ఎంఎం ప్లై మధ్యలో ఒంగుతుంది. మూడడుగులు కావాలంటే ముందు అంచుకి అంగుళంన్నర ఎత్తు టేకు పట్టీ అతికించాలి.

పక్క పలకలు కోశాక సుమారు 595×300 సైజులో రెండు ముక్కలు మిగులుతాయి. ఒకటి దేవుడి మందిరం అడుగుకి, ఒకటి పైకప్పుకి. 18 అంగుళాల వెడల్పు మందిరానికి ఇవి హాయిగా సరిపోతాయి, అంచులకి టేకు బీడింగు వేస్తే ప్లై అని కనపడదు. దీపం, అభిషేకం నీళ్ళు తగిలే చోటు కాబట్టి షీటు కొనేటప్పుడే ప్లైవుడ్ ప్రమాణం ఐఎస్ 303లో బిడబ్ల్యుఆర్ (మరిగే నీటికీ తట్టుకునే) రకం గానీ, ఐఎస్ 710 మెరైన్ గానీ తీసుకోవాలి. ఎంఆర్ (తేమని మాత్రమే తట్టుకునే) రకం అలమరకి చాలు కానీ ఒకే షీటు రెండు పనులకి పంచుతున్నప్పుడు ఎక్కువ తడి తగిలే పనిని బట్టే కొనాలి. మిగిలిన 240 ఎంఎం తుంపులు రెండూ పారేయొద్దు, గైడులకి, తోపుడు ముక్కలకి పనికొస్తాయి.

ప్లై ముక్కలు సరైన కొలతకి కోసి నెల రోజులు పక్కన పెట్టినా నష్టం లేదు. పొరలు అడ్డదిడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి కొలత మారదు. గోడకి ఏటవాలుగా చేరేస్తే మాత్రం ఒంగిపోతుంది. నిటారుగా నిలబెట్టాలి, లేదా బల్లపరుపుగా పడుకోబెట్టాలి.

టేకు దగ్గర లెక్క తారుమారు. ఊయల బల్ల పూర్తయ్యాక 60×20×1.5 అంగుళాలు ఉండాలనుకుందాం. టింబర్ డిపోలో 63 అంగుళాల పొడవు, మొత్తం 22 అంగుళాల వెడల్పు వచ్చేలా రెండంగుళాల మందం పలకలు తీసుకుంటే 1.6 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) అవుతుంది. మందంలో అర అంగుళం, వెడల్పులో రెండంగుళాలు పోతున్నాయే అని బాధపడకండి. ఆ మిగులే మీ పనిని ఆపుకునే వెసులుబాటు. కోత రోజున దీన్ని ముతకగా మాత్రమే కోయాలి. మందంలో 4 ఎంఎం, ఒక్కో పలక వెడల్పులో 6 ఎంఎం, పొడవులో అంగుళం ఎక్కువ ఉంచి అక్కడ ఆగిపోవాలి. రెండు ముఖాలనుంచీ సమానంగా తీయాలి. ఒక వైపే చిత్రిక పట్టి వదిలేస్తే లోపలి పచ్చి పొర బయటపడి ఆ వైపు తొందరగా ఆరి పలక దోనెలా వంగుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్పాలి. ఉదయగిరి, రాపూరు కొండల వైపునుంచి వచ్చిందంటూ ఎర్రచందనం దుంగముక్క ఎవరైనా చవగ్గా ఇస్తానంటే చేత్తో కూడా ముట్టుకోవద్దు. పర్మిట్ కాగితం లేనిది ముక్కయినా కేసే. అలాగే జామాయిల్ చవక కదా అని పలకలు కోయించుకునేవాళ్ళున్నారు. అది ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, కొనలు పగులుతాయి. ఆగి ఆగి చేసే పనికి అసలు పనికిరాదు.

ఆపదగ్గ చోట్లు, ఆపకూడని చోట్లు

ఆపదగ్గ మొదటి చోటు ముతక కోత తర్వాత. పలకల మధ్య ముప్పావు అంగుళం పట్టీలు, అడుగున్నరకి ఒకటి చొప్పున, ఐదడుగుల పలకకి నాలుగు. పై వరస పట్టీలు కింది వరస పట్టీల మీదే నిట్టనిలువుగా రావాలి. ఇవి అటూ ఇటూ జరిగితే పలక ఆ వంపుతోనే ఆరుతుంది. కింద సిమెంటు నేలకి తగలకుండా ఇటుకల మీద పెట్టాలి. నేల చెమ్మ ఒక కారణం, చెదలు రెండోది. రెండు వారాలు ఇలా వదిలేసి ఈలోపు అలమర పని చూసుకోవచ్చు. పలక ఆరిందో లేదో తెలియాలంటే మీటరే ఉండక్కర్లేదు. వంటింటి తూకం మీద ఒక పలకని తూచి బరువు దాని మీదే పెన్సిలుతో రాయండి. ఐదారు రోజులు వరసగా బరువు తగ్గకపోతే అది మీ షెడ్డు గాలితో సర్దుకున్నట్టే. కచ్చితమైన శాతం కావాలంటే పలక కొననుంచి ఒక అడుగు లోపల చిన్న ముక్క కోసి తూచి, ఓవెన్‌లో 100 డిగ్రీల పైన బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెట్టి మళ్ళీ తూచాలి. 230 గ్రాములది 200కి వచ్చిందంటే పోయిన 30ని ఆరిన బరువు 200తో భాగిస్తే 15 శాతం.

రెండో చోటు జిగురు వేసి క్లాంపు బిగించాక. ఇక్కడ ఆపడం మంచిదే కాదు, తప్పనిసరి కూడా. తెల్ల జిగురులో నీళ్ళుంటాయి. అతుకు పక్కన చెక్క ఆ నీళ్ళు పీల్చి కొంచెం ఉబ్బుతుంది. మర్నాడే చిత్రిక పట్టి నునుపు చేస్తే ఉబ్బిన చోట ఎక్కువ చెక్క పోతుంది. నాలుగు రోజుల తర్వాత ఉబ్బు తీసి అతుకు పొడుగునా సన్నటి పల్లం కనపడుతుంది. అది పాలిష్ పడ్డాక, వెలుతురు పక్కనుంచి కొట్టినప్పుడు బయటపడుతుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు. క్లాంపులు మర్నాడు విప్పొచ్చు గానీ పై ముఖాన్ని రెండు మూడు రోజులు, ముసురులోనైతే వారం ముట్టుకోకూడదు. ఈ ఖాళీయే పక్క పనికి అసలైన సమయం.

మూడో చోటు, రెండు ముఖాలకీ, నాలుగు అంచులకీ సీలర్ (పాలిష్‌కి ముందు వేసే పూత) ఒక కోటు పడ్డాక. సీలరు తేమని పూర్తిగా ఆపదు, నెమ్మది చేస్తుంది. అన్ని వైపులా ఒకేలా నెమ్మది చేయడమే కావాల్సింది.

ఇక ఆపకూడనివి. చివరి కొలతకి చిత్రిక పట్టిన గట్టి చెక్కని బిగించకుండా వదలకూడదు. బెజ్జం కొట్టి, కుసి (బెజ్జంలో దిగే కొన) చెక్కకుండా వారం పాటు పోకూడదు. ఈలోపు చెక్క కదిలి రెండిటి కొలతా మారొచ్చు. రెండూ ఒకే రోజు చేసి, పొడిగా కూర్చోబెట్టి చూసి, కూర్చినట్టే ఉంచి వదలాలి. సన్‌మైకా ఒక వైపే అతికించి రెండో వైపు రేపు చూద్దాం అనుకోకూడదు. 18 ఎంఎం తలుపుకి ఒక వైపు 1 ఎంఎం వేస్తే రెండో వైపు కనీసం 0.8 ఎంఎం అదే రోజు పడాలి, లేకపోతే తలుపు విల్లులా వంగి మూల తేలుతుంది. పాలిష్ కూడా అంతే. పై ముఖం మెరుస్తోందని మురిసి అడుగు ముఖం వదిలేసిన బల్లలు ముసురు రాగానే అడుగువైపునుంచి తేమ పీల్చి ఎదురు తిరుగుతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు చాలా చిన్నది. అతికించిన పలకని సాయంత్రం పనిబల్ల మీద వెల్లకిలా పడేసి ఇంట్లోకి పోవడం. పై ముఖానికి గాలి తగులుతుంది, అడుగు ముఖం బల్లకి అంటుకుని ఉంటుంది. రోహిణి గాలికి తెల్లారేసరికి పైకి దోనెలా లేచి ఉంటుంది. పక్క మీద నిలబెట్టండి, లేదా పట్టీల మీద పడుకోబెట్టండి, లేదా పైనా కిందా ప్లాస్టిక్ కవరు చుట్టేయండి. రెండు ముఖాలకీ ఒకే గాలి తగలాలి, లేదంటే దేనికీ తగలకూడదు.

క్లాంపుల లెక్క

షెడ్డులో ఎన్ని పనులు ఒకేసారి నడపొచ్చో తేల్చేది మీ ఉత్సాహం కాదు, క్లాంపుల సంఖ్య. ఐదడుగుల ఊయల బల్లకి అడుగుకొకటి చొప్పున ఐదు బార్ క్లాంపులు, ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి మార్చి మార్చి. అన్నీ పైనుంచే బిగిస్తే పలక పైకి మడుస్తుంది. ఎనిమిది ఉన్నవాళ్ళకి ఆ రాత్రి మూడే మిగులుతాయి. ఆ మూడింటితో మందిరం తలుపు ఫ్రేము ఒకటి బిగించొచ్చు, అలమర బిగించలేరు. కాబట్టి జిగురు పనులు వరసలో పెట్టుకోవాలి, రాత్రికి ఒక పెద్దదీ ఒక చిన్నదీ. అలమరకి క్లాంపు బదులు స్క్రూ వాడితే బార్ క్లాంపులు ఖాళీ అవుతాయి. ప్లై అంచులోకి 8 నంబరు 50 ఎంఎం స్క్రూ, ముందు 3 ఎంఎం బిట్టుతో బెజ్జం, కొననుంచి రెండంగుళాలు లోపలికి జరిపి. బెజ్జం లేకుండా తోస్తే ప్లై పొరలు విచ్చుకుంటాయి.

జిగురు పూసి అతికించడానికి మామూలు రోజుల్లో పది నిమిషాలు దొరుకుతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఐదు కూడా దొరకదు, పూత పైన చర్మం కట్టేస్తుంది. చర్మం కట్టిన జిగురు బిగించినా అతకదు, విప్పి చూస్తే రెండు వైపులా మెరుస్తూ ఉంటుంది. ఎండాకాలం ఆరు గంటల పొద్దున్నే జిగురు పని, మధ్యాహ్నం ప్లై కోతలు పెట్టుకోవాలి. పలకల వరస మారకుండా, జిగురు పూయకముందే పలకలన్నీ కలిపి పైన సుద్దతో ఒక పెద్ద త్రికోణం గీయండి. ఏ పలక తిరగబడినా గీత తెగి తెలిసిపోతుంది. పని పనికీ ఒక సుద్ద రంగు పెడితే ముక్కలు కలిసిపోవు.

ఊయల బల్ల అడుగున వేసే అడ్డపట్టీలని ఎట్టి పరిస్థితిలో జిగురుతో అతికించకూడదు. మధ్య స్క్రూ మామూలు బెజ్జంలో, కొనల స్క్రూలు 10 ఎంఎం పొడవాటి బెజ్జాల్లో వాషరు వేసి. పలక వెడల్పులో ఐదారు ఎంఎం ఆడటానికి చోటు ఉంటుంది. జిగురు పెట్టేస్తే ఆ ఆట దొరక్క పలక నిలువునా పగులుతుంది, గొలుసు బోల్టు దగ్గరే పగిలితే మనిషి కూర్చునే వస్తువు కాబట్టి ప్రమాదం కూడా.

మందిరం తలుపుల్లో పలకకీ ఇదే న్యాయం. 8 అంగుళాల టేకు పలక ఫ్రేము గాడిలో వదులుగా కూర్చోవాలి, జిగురు తగలకూడదు. ఎండాకాలం చేస్తే గాడి అడుగున రెండు వైపులా చెరో ఒకటిన్నర, రెండు ఎంఎం ఖాళీ ఉంచాలి, కార్తీకంలో ఉబ్బడానికి. నవంబరులో చేస్తే అర ఎంఎం చాలు, అది ఇక ముడుచుకోవాల్సిందే. సొరుగులకీ అంతే. మేలో బిగుతుగా కుదిర్చిన సొరుగు నవంబరులో ఇరుక్కుపోయిందంటే తప్పు సొరుగుది కాదు. పలకకి రంగు ముందే వేసి గాడిలో పెట్టాలి, తర్వాత వేస్తే ముడుచుకున్నప్పుడు రంగు లేని తెల్ల గీత బయటికొస్తుంది.

పట్టెమంచం కోడు విషయానికొస్తే, పాత కుసి ఆరి సన్నబడి బెజ్జంలో ఆడుతూ ఉంటుంది. చాలామంది చీలిక కొట్టి సరిపెడతారు, ఏడాది ఆగుతుంది. కోడు పగిలితే కొత్తది నల్లతుమ్మలో చేయించుకోవడం మేలు. గట్టిది, దెబ్బ తట్టుకుంటుంది. చేవ ఉన్న భాగమే తీసుకోవాలి, పై తెల్లచెక్కకి పుచ్చు పడుతుంది. కిటుకు తేమలో ఉంది. పట్టె కుసి బాగా ఆరి ఉండాలి, కోడు దానికన్నా కొంచెం తేమగా ఉండాలి. బిగించాక కోడు ఆరి ముడుచుకుంటూ కుసిని పట్టేసుకుంటుంది. కుసిని రోహిణి ఎండలో గానీ, వెచ్చటి ఇసుకలో గానీ రెండు రోజులు పెట్టి వేడి మీదే దించండి. కోడు మరీ పచ్చిదైతే బెజ్జం దగ్గర పగులుతుంది, నీళ్ళు ఓడే చెక్క పనికిరాదు. కోడుకి బెజ్జం కొట్టే పని అంతా ఉలి పనే, కరెంటు అక్కర్లేదు, దుమ్ము రాదు. అందుకే కరెంటు లేని పూటలకి, పక్కన పాలిష్ ఆరుతున్న పూటలకి దీన్ని అట్టే పెట్టుకోవాలి.

కరెంటు మాట వచ్చింది కనుక: టేబుల్ సా 1800 వాట్లు, వాక్యూమ్ 1400 వాట్లు కలిపితే 230 వోల్టుల మీద 14 ఆంపియర్లు. ఒకే 16 ఆంపియర్ల సాకెట్టు మీద రెండూ నడిస్తే స్టార్టింగులోనే ఎంసీబీ పడొచ్చు, విడివిడి లైన్లు లాగించుకోవాలి. ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 స్క్వేర్ ఎంఎం కన్నా సన్నది వద్దు. కోత మధ్యలో కరెంటు పోతే ముందు స్విచ్చి ఆపండి, తర్వాతే చెక్క బయటికి తీయండి. మామూలు స్విచ్చి ఉన్న సా కరెంటు రాగానే దానంతటదే తిరుగుతుంది, అప్పటికి మన చెయ్యి ఎక్కడుంటుందో చెప్పలేం.

పాలిష్ ఉన్న రోజు

పాలిష్, కోత ఒకే రోజు ఒకే షెడ్డులో కుదరవు. సాండర్ (చెక్కని రుద్ది నునుపు చేసే మిషను) ఆపి గంట గడిచినా సన్నటి పొడి గాలిలోనే తేలుతూ ఉంటుంది. వాక్యూమ్‌తో నేల ఊడ్చి, రాత్రంతా వదిలేసి, మర్నాడు పొద్దున తడిగుడ్డతో బల్ల తుడిచి మొదలుపెట్టాలి. ఆ రోజు పక్క పనులన్నీ చేతిపనులే కావాలి. ఉలి, కొలతలు, స్క్రూలు సర్దుకోవడం లాంటివి.

ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ ముసురు రోజున వేస్తే తెల్లగా పాలిపోతుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి గాలిలో చెమ్మ దాని మీద పడుతుంది. ఉదయం పది దాటాక, ఎండ కాసి గాలి పొడిగా ఉన్న రోజున వేయాలి. ముసురు వారం పాటు పట్టిందంటే లాకర్ పని ఆపి, అలమర స్క్రూ పనిలోకి పోవడమే తెలివి. రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ (పాలీయురిథేన్), మెలమైన్ రకాలైతే కలిపాక గంటల్లో వాడేయాలి. డబ్బా మీద రాసిన పాళ్ళే పాటించాలి, కంటి అంచనా పనికిరాదు. అందుకే మందిరమూ ఊయల బల్లా రెండూ సీలర్ దశకి ఒకేసారి చేరేలా చూసుకుంటే కలిపింది వృథా పోదు. పనులు కలిపి చేయడంలో డబ్బు మిగిలేది నిజానికి ఇక్కడే.

ఆరేటప్పుడు దుమ్ము, పురుగు పడకుండా పాత దోమతెర పైన కట్టండి, పూతకి తగలకుండా. నెల్లూరు దోమల గురించి వేరే చెప్పాలా, దీపం పెట్టాక తడి పాలిష్ మీద వాలిన దోమని తీస్తే కాళ్ళు అక్కడే ఉండిపోతాయి.

అవిసె నూనె పూసేవాళ్ళు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. నూనె తుడిచిన గుడ్డ ముద్దగా మూల పడేస్తే ఆరేటప్పుడు దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. రంపపు పొట్టు పక్కనే ఉంటే షెడ్డే పోతుంది. విడివిడిగా దండెం మీద ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో వేయండి. పని మార్చుకునే తొందరలో మరిచిపోయే మొదటి వస్తువు ఆ గుడ్డే.

ఆపిన పనికి చీటీ

ఆపిన ప్రతి పని మీదా ఒక అట్టముక్క కట్టాలి. దాని మీద 'సగం అయింది' అని రాస్తే ఉపయోగం లేదు. తర్వాత చేయాల్సింది రాయాలి, కొలతతో సహా. 'ఎడమ కోడు బెజ్జం 12×50, లోతు 40, కుసి ఇంకా అర ఎంఎం లావు, ఉలి 12' అన్నట్టు. మూడు వారాల తర్వాత టేపు పట్టుకుని మళ్ళీ మొదటినుంచి కొలవక్కర్లేదు. అంతకన్నా మేలైంది కొలత పట్టె. అంగుళం వెడల్పు ప్లై పట్టీ మీద ఎత్తులు, అరలు, బెజ్జాల చోట్లు అన్నీ నిజమైన కొలతకే గీసి పని పేరు రాసి మేకుకి తగిలించండి. టేపులు మారినప్పుడు వచ్చే ఒక ఎంఎం తేడా దీంతో రాదు.

గాడి కోసే సెట్టింగ్ మార్చే ముందు అదే సెట్టింగుతో ఒక తుంపులో కూడా గాడి కోసి ఉంచుకోండి. మళ్ళీ అదే గాడి కావాల్సి వస్తే ఆ తుంపుని బ్లేడుకి ఆనించి సరిచూసుకోవచ్చు. ముక్కలు కూడా అవసరానికి ఒకటి ఎక్కువే కోయాలి.

మూడు పెద్ద పనులు దాటితే 10×12 షెడ్డు షెడ్డులా ఉండదు, సామాన్ల గదవుతుంది. మధ్యలో ఖాళీ పూటలకి చిన్న పనే కావాలంటే చిన్న కొయ్యముక్కలతో గరిటెలు, చెంచాలు చెక్కుకోవచ్చు. ఉదయగిరి కొయ్య చెంచాలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, చూసి నేర్చుకోవడానికి అంతకన్నా దగ్గరి నమూనా మనకి లేదు. గరిటె చెక్క కొంచెం పచ్చిగా ఉంటేనే సుళువు, కాబట్టి ఆపినప్పుడల్లా ప్లాస్టిక్ కవరులో కట్టి పెట్టాలి. రెండు మూడు రోజులు దాటితే బూజు పడుతుంది, ఆలోపే ముగించేయాలి. 

ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి ఆపిన పలక దోనెలా వంగుతుంది. వెంటనే చిత్రిక తీసుకుని చదును చేయొద్దు, మందం పోతుంది, రేపు మళ్ళీ వంగుతుంది. పల్లంగా ఉన్న ముఖం ఎక్కువ ఆరినది, ఉబ్బెత్తు ముఖం తేమది. పల్లం ముఖం కిందికి వచ్చేలా తడిపిన గోనెపట్టా మీద పరిచి, ఉబ్బెత్తు ముఖానికి పొద్దుటి ఎండ తగలనివ్వండి. అరగంటకోసారి ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురు చూడండి. చదునుకి రాగానే, ఎదురు వంపు తిరగకముందే తీసేయాలి. తీశాక నాలుగు రోజులు పట్టీల మీద, పైన బరువుతో ఉంచి మళ్ళీ స్కేలు పెట్టండి. నిలిచిందంటే చిత్రిక పట్టొచ్చు. మళ్ళీ వంగిందంటే ఆ వంపు గాలి వల్ల వచ్చింది కాదు, కోతలోనే ఉంది. ఆ పలకని మధ్యకి చీల్చి, సన్న పట్టీలుగా తిరగేసి మరగేసి అతికించుకోవడమే దారి.